ఫ్రీ పాఠాలకు కరువు లేదు, దేన్ని మార్చుకునే హక్కు ఉందో చూడాలి

సెమిస్టర్ మొదలయ్యే వారంలో డిగ్రీ కాలేజీ లెక్చరర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతుంది: "సర్, కొత్త సిలబస్ థర్డ్ సెమ్ మెటీరియల్ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి ప్లీజ్." కాసేపటికి ఫైళ్ళు వచ్చి పడతాయి. ఒకటి ఎవరో స్కాన్ చేసిన గైడు. ఒకటి పేరూ ఊరూ లేని నోట్సు. ఒకటి వేరే యూనివర్సిటీవాళ్ళ పాత సిలబస్‌ది. ఇంకోటి వర్డ్ ఫైలు, తెరిస్తే తెలుగుకు బదులు ఏవో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అందరూ దణ్ణం బొమ్మలు పెట్టి సర్దుకుంటారు. నెలా నెలన్నర తర్వాత గ్రూపులో పైకి జరుపుకుంటూ వెళ్ళి ఆ ఫైలు నొక్కితే తెరుచుకోదు. ఎవరూ దించుకోని ఫైళ్ళను వాట్సాప్ నెల రోజులకు మించి తన సర్వర్లలో ఉంచదు.

సరుకు దొరక్క ఇలా జరుగుతోందనుకుంటే పొరపాటు. ప్రభుత్వ సొమ్ముతో, విదేశీ విశ్వవిద్యాలయాల చలవతో, కంపెనీల వ్యాపార లెక్కలతో కాలేజీ స్థాయి పాఠాలు, పుస్తకాలు, ప్రయోగశాలలు, క్లాసు నడిపే యాప్‌లు ఇప్పుడు ఎన్నో పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. చిక్కు ఎక్కడొస్తుందంటే, వీటన్నిటినీ "ఫ్రీ" అనే ఒక్క గంపలో వేసేస్తున్నాం. నిజానికి వాటిలో ఒక్కోదాని స్వభావం ఒక్కో రకం. ఏదైనా వాడబోయే ముందు మూడు విషయాలు చూసుకుంటే ఈ గందరగోళంలో చాలా భాగం విడిపోతుంది. దీనికి డబ్బు ఎవరు పెడుతున్నారు? దీన్ని మార్చి, తెలుగు చేసి, మళ్ళీ పంచే హక్కు నాకుందా? రేపు ఇది మూతపడితే నేను పెట్టినదంతా వెనక్కి తెచ్చుకోగలనా?

మన పన్నులతో తయారైనవి

మన దేశంలో అన్నిటికంటే పెద్ద నిధి ఎన్‌పీటెల్. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టాయి. అప్పట్లో అందులో ఉండేవి వీడియో పాఠాలు, వెబ్‌లో రాతపాఠాలు మాత్రమే. 2014 నుంచి వారం వారం అసైన్‌మెంట్లు, చివర్లో పరీక్ష, సర్టిఫికెట్ వచ్చి చేరాయి. ఆ తర్వాత 2017 జూలై 9న కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్ మొదలైంది. ఎన్‌పీటెల్, యూజీసీ, సీఈసీ (కన్సార్షియం ఫర్ ఎడ్యుకేషనల్ కమ్యూనికేషన్), ఇగ్నో, ఐఐఎం బెంగళూరు లాంటి తొమ్మిది సంస్థలు ఒక్కో రంగం చొప్పున దానికి కోర్సులు అందిస్తాయి. స్వయం కోర్సు అంటే వీడియో ఒక్కటే కాదు, చదువుకునే మెటీరియల్, స్వయంగా పరీక్షించుకునే ప్రశ్నలు, చర్చావేదిక కూడా ఉండాలి. "నాలుగు క్వాడ్రంట్లు" అని మీటింగుల్లో వినబడేది ఇదే.

కోర్సులో చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు, పరీక్షకు మాత్రం ఫీజు ఉంది. ఎన్‌పీటెల్ పన్నెండు వారాల కోర్సునే తీసుకోండి. పన్నెండు అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన ఎనిమిదింటి సగటుకు 25 మార్కులు, పరీక్షా కేంద్రానికి వెళ్ళి రాసే పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే మొదటిదాంట్లో 10, రెండోదాంట్లో 30 విడివిడిగా తెచ్చుకోవాలి. అసైన్‌మెంట్లు వాట్సాప్‌లో కాపీ కొట్టి పాతిక మార్కులు నింపుకున్న కుర్రాళ్ళు అసలు పరీక్షలో బోల్తా పడేది ఇక్కడే. లోకల్ చాప్టర్ (ఎన్‌పీటెల్‌తో అనుసంధానమైన కేంద్రం) ఉన్న కాలేజీలో లెక్చరర్ మెంటర్‌గా నమోదైతే తన విద్యార్థులు ఎక్కడ ఆగిపోయారో కనబడుతుంది. ఈ సదుపాయం ఉందని తెలిసినవాళ్ళలో కూడా దాన్ని తెరిచి చూసేవాళ్ళు తక్కువ.

2021లో యూజీసీ ఇచ్చిన నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. 2016లో ఇది 20 శాతమే. కాగితం మీద ఇది బాగుంది. అమలుకొచ్చేసరికి యూనివర్సిటీ అకడమిక్ కౌన్సిల్ ఏ కోర్సును దేనికి సమానంగా ఒప్పుకుంటుంది, పరీక్ష ఫలితం మన సెమిస్టర్ మార్కుల లిస్టు కంటే ముందు వస్తుందా లేదా అనే టెన్షన్ మొదలవుతుంది. క్రెడిట్ల గొడవ పెట్టుకోకుండా, స్వయం వీడియోలో పావుగంట ముక్కను క్లాసులో చూపించి మిగతా టైమంతా లెక్కలు చేయించే లెక్చరరే దానివల్ల ఎక్కువ లాభపడుతున్నాడని నా అభిప్రాయం.

పీజీ చెప్పేవాళ్ళకు ఈ-పీజీ పాఠశాల ఉంది. విశ్వవిద్యాలయాల లైబ్రరీలను కలిపే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని నడుపుతోంది. వీడియోల కంటే ఇందులోని రాతపాఠాలే నాకు ఎక్కువ పనికొస్తాయి. సోషల్ సైన్సెస్‌లో ఒక్కో అంశం మీద పది పదిహేను పేజీల శుభ్రమైన నోట్సు దొరుకుతుంది. నాణ్యత మాత్రం రాసినవాళ్ళను బట్టి ఉంటుంది.

ల్యాబ్ లేని కాలేజీలకు వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి. ఐఐటీ ఢిల్లీ సమన్వయం చేసే ఈ ప్రాజెక్టులో మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామి. ప్రయోగం వెనక ఉన్న సిద్ధాంతం, చేసే పద్ధతి, సిమ్యులేషన్, చివర్లో ప్రశ్నలు, అన్నీ ఒకేచోట ఉంటాయి. ల్యాబ్‌లో పరికరం ఉన్నా సరే, పరికరం ముట్టుకునే ముందు పిల్లలతో ఒకసారి ఇందులో చేయిస్తే ఫ్యూజులు తక్కువ పోతాయి.

ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, దానికి రావలసినంత పేరు రాలేదు. ఒక్కోటి పది నిమిషాల స్క్రీన్ రికార్డింగు. లైనక్స్, లిబ్రే ఆఫీస్, పైథాన్, సైలాబ్, లేటెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు నేర్పుతుంది. తెర మీద మెనూలు ఇంగ్లీషులోనే ఉంటాయి, గొంతు మాత్రం తెలుగులో వినిపిస్తుంది. ఉద్యోగంలో పిల్లవాడు వాడబోయేది ఇంగ్లీషు మెనూయే, అర్థం కావలసింది మాత్రం తెలుగులో. ఈ రెండూ గుర్తుపెట్టుకుని తయారు చేశారు. విండోను సగానికి మడిచి, ఒక పక్క వీడియో నడుస్తుంటే ఇంకో పక్క అదే పని చేసి చూడమంటారు. ముందే దించుకుంటే నెట్ లేని ల్యాబ్‌లో కూడా నడుస్తుంది. ఏపీలో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయ్యాక తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇలాంటి రెండు భాషల ఏర్పాటు అవసరం ఇంకా పెరిగింది. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ వాళ్ళ ఈ-కుంభ్ పోర్టల్‌లో ఇంజనీరింగ్ పుస్తకాలు తెలుగులో ఉన్నాయని కూడా చాలామంది పాలిటెక్నిక్ లెక్చరర్లకు చెప్పాల్సి వస్తోంది.

పరిశోధన జర్నళ్ళ సంగతి వేరు. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన "ఒకే దేశం ఒకే సబ్‌స్క్రిప్షన్" పథకం 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, సుమారు 13,000 జర్నళ్ళు, 6,300 దాకా ప్రభుత్వ సంస్థలు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఉన్నవాళ్ళు తమ సంస్థ నమోదైందో లేదో లైబ్రేరియన్‌ను అడిగి ఈరోజే లాగిన్ తీసుకోవచ్చు. పక్క వీధిలోని ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌కు మొదటి దశలో ఆ అవకాశం లేదు. ఇద్దరూ ఒకే యూనివర్సిటీ సిలబస్ చెబుతున్నా సరే. పైగా ఇది చదువుకోవడానికి ప్రభుత్వం కట్టిన చందా. ఆ వ్యాసాలు దించి వెబ్‌సైట్లో పెట్టుకునే హక్కు దీనితో రాదు.

చూడొచ్చు సరే, ముట్టుకోవచ్చా?

2001 ఏప్రిల్‌లో అమెరికాలోని ఎంఐటీ తన కోర్సు మెటీరియల్‌ను ప్రపంచానికి తెరిచిపెడతానని ప్రకటించింది. మరుసటి ఏడాది 50 కోర్సులతో మొదలుపెట్టింది. 2002లోనే యునెస్కో సమావేశం ఒకటి ఇలాంటివాటికి "ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్" అని పేరు పెట్టింది. అదే ఏడాది డిసెంబరులో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వచ్చాయి. ఈ మూడూ కలిసి తెచ్చిన మార్పు ఏమిటంటే, పాఠం రాసినవాళ్ళు "ఇది మీరు ఈ మేరకు వాడుకోవచ్చు" అని ముందే రాతపూర్వకంగా చెప్పడం. అలా రాసి లేనిది ఎంత ఫ్రీగా కనబడినా చూసి పక్కన పెట్టాల్సిన సరుకే.

లైసెన్సు పేరులో సీసీ (క్రియేటివ్ కామన్స్) తర్వాత వచ్చే పొట్టి అక్షరాలను చదవడం వస్తే చాలు. "బై" అంటే రాసినవారి పేరు చెప్పాలి. "ఎస్ఏ" అంటే నువ్వు మార్చి పంచేదాన్ని కూడా ఇదే షరతుతో పంచాలి. "ఎన్‌సీ" అంటే వ్యాపారానికి వాడకూడదు. "ఎన్‌డీ" అంటే మార్చినదాన్ని పంచకూడదు. మన విషయంలో ఈ చివరిదే అన్నిటికంటే పెద్ద అడ్డు. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. అంటే ఎన్‌డీ ఉన్న పాఠాన్ని ఇంగ్లీషులో యథాతథంగా ఎంతమందికైనా ఇవ్వొచ్చు, తెలుగు చేసి పంచడానికి మాత్రం విడిగా అనుమతి అడగాలి. సీసీ లైసెన్సు ఉంది కదా అని ధైర్యంగా అనువాదం మొదలుపెట్టేవాళ్ళు ఈ రెండక్షరాలు చూసుకోవాలి.

యూట్యూబ్‌లో కూడా ఇదే తేడా ఉంది. ఎక్కువ వీడియోలు యూట్యూబ్ మామూలు లైసెన్సులోనే ఉంటాయి. వాటి లింకు పంపొచ్చు, క్లాసులో నడపొచ్చు, కానీ దించి, ముక్కలు చేసి, మన గొంతు పెట్టి మళ్ళీ ఎక్కించకూడదు. సెర్చ్ ఫిల్టర్లలో క్రియేటివ్ కామన్స్ అని ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కితే మార్చుకోగలిగినవి విడిగా వస్తాయి. అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ లైసెన్సు ఎంచుకునే వీలు మనకూ ఉంది. మన లెక్చరర్ల చానళ్ళలో దాన్ని ఎంచుకున్నవి వెతికినా కనబడటం కష్టం. సెట్టింగ్స్‌లో ఆ అడుగు దాకా ఎవరూ వెళ్ళరు.

ఓ పాఠం తీసుకుని చేసి చూపిస్తాను. అమెరికాలోని రైస్ యూనివర్సిటీ ఓపెన్‌స్టాక్స్ అనే ప్రాజెక్టు కింద కాలేజీ పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇస్తోంది. 2012లో వచ్చిన మొదటి పుస్తకాల్లో "కాలేజ్ ఫిజిక్స్" ఒకటి, సీసీ బై లైసెన్సుతో వచ్చింది. (ఓపెన్‌స్టాక్స్ పుస్తకాలన్నీ ఇదే లైసెన్సులో లేవు, కాలిక్యులస్ లాంటి కొన్నిటికి వ్యాపార నిషేధం ఉంది. అందుకే ముందుమాట పేజీ చూడాలి.) అందులో నాలుగో అధ్యాయం న్యూటన్ నియమాలు. వివరణ చక్కగా ఉంటుంది, ఉదాహరణలు మాత్రం అక్కడి జీవితంలోవి. మన ఫస్టియర్ పిల్లలకు చెప్పేటప్పుడు ఆ లెక్కల స్థానంలో స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేకు వేసిన ఆర్టీసీ బస్సు, బావిలోంచి నీళ్ళు తోడే గిలక లాంటివి పెట్టుకోవచ్చు. వివరణను తెలుగు చేసుకోవచ్చు. సిలబస్‌లో లేని భాగాలు తీసేయొచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. చేయాల్సిందల్లా పాఠం అడుగున ఇలా రాయడం:

"ఈ పాఠానికి ఆధారం ఓపెన్‌స్టాక్స్ ప్రచురించిన 'కాలేజ్ ఫిజిక్స్' నాలుగో అధ్యాయం. మూలం సీసీ బై 4.0 లైసెన్సులో ఉంది. తెలుగులోకి అనువదించి, ఉదాహరణలు, లెక్కలు మార్చాం."

దీనితోపాటు మూలానికీ లైసెన్సుకూ లింకులు ఇవ్వాలి. మూలం ఎవరిదో, ఏ లైసెన్సో, ఏం మార్చామో, ఈ మూడూ ఉంటే చట్టపరంగా నిశ్చింత. ఓపెన్‌స్టాక్స్ పేరూ లోగో మాత్రం మన అట్ట మీద వేసుకోకూడదు, అవి లైసెన్సు కిందికి రావు. పారిభాషిక పదాల దగ్గర తడబాటు వస్తే తెలుగు అకాడమీ పదకోశాలు ఉన్నాయి. 1968లో పుట్టిన ఆ సంస్థ చేసిన పనుల్లో ఇప్పటికీ రోజూ అక్కరకొచ్చేది అదే.

ఓపెన్‌స్టాక్స్‌లో దొరకనిది లిబ్రేటెక్స్ట్స్‌లో దొరుకుతుంది. 2008లో కెమిస్ట్రీ పాఠాలతో కాలిఫోర్నియాలో మొదలై ఇప్పుడు అన్ని సబ్జెక్టులకూ విస్తరించింది. పేజీ పేజీకీ లైసెన్సు మారొచ్చు కాబట్టి అక్కడ కాస్త ఓపిక కావాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ వాళ్ళకు ఫెట్ సిమ్యులేషన్లు ఉన్నాయి. 2001లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో వీటిని మొదలుపెట్టాడు. సర్క్యూట్ కిట్ అనేదాన్ని ఒక్కసారి ఫైలుగా దించుకుంటే నెట్ లేకుండా బ్రౌజర్‌లోనే నడుస్తుంది. బ్యాటరీ, బల్బు, తీగలు లాగి కలపడమే. షార్ట్ సర్క్యూట్ చేస్తే తెర మీద మంట కూడా వస్తుంది, వెనక బెంచీలకు అదో సరదా. లెక్కల వాళ్ళకు, గ్రాఫులూ బొమ్మలూ గీసే జియోజీబ్రా గురించి నేను చెప్పాల్సిన పని లేదు.

ఇంతకీ లైసెన్సు లేని పుస్తకాల మాటేమిటి? ఇక్కడ మన చట్టం టీచర్ల పట్ల అంత కఠినంగా ఏమీ లేదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 బోధనలో భాగంగా టీచరో విద్యార్థో కాపీ తీసుకోవడాన్ని ఉల్లంఘన కాదంటుంది. ఆ వెసులుబాటు ఎంతవరకు అనేది తేల్చింది ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ కేసు. అక్కడి ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫోటోకాపీ సర్వీస్ అని ఓ షాపు ఉండేది. సిలబస్‌లో చెప్పిన అధ్యాయాలను రకరకాల పుస్తకాల్లోంచి జిరాక్స్ తీసి, కట్ట కట్టి విద్యార్థులకు అమ్మేది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ దాని మీద దావా వేశాయి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఆ దావా కొట్టేశారు. డిసెంబరులో డివిజన్ బెంచ్ కూడా, బోధనకు అవసరమైన మేరకు కాపీ తీయడం తప్పు కాదనే వైపే నిలిచింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

ఈ తీర్పును పట్టుకుని మొత్తం పుస్తకాల పీడీఎఫ్‌లను టెలిగ్రామ్ చానల్లో ఊరందరికీ పెట్టేస్తే అది బోధనలో భాగం ఎలా అవుతుంది? క్లాసుకు కావలసిన అధ్యాయం క్లాసు పిల్లలకు ఇవ్వడం వరకే ఆ గొడుగు. అలాగే ప్రభుత్వం వేసింది కదా అని స్వేచ్ఛగా మార్చుకునే వీలు కూడా లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, కానీ కాపీరైట్ ఆ సంస్థదే. 2024లో అనుమతి లేకుండా తమ పాఠాలు వాణిజ్యానికి వాడేవాళ్ళను అది బహిరంగంగా హెచ్చరించింది కూడా.

క్లాసు నడిపే యాప్‌లు, వాటి ఆయుష్షు

ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఎక్కువ భాగం ప్రజల సొమ్ముతోనో విరాళాలతోనో నడిచేవి. కలిసి పనిచేసే యాప్‌ల దగ్గరికొస్తే లెక్క మారుతుంది. వీటిలో చాలావరకు కంపెనీల సొత్తు. ఫ్రీగా ఉన్నంత కాలం ఉంటాయి, లాభం లేదనుకున్న రోజు పోతాయి. 2018లో వికీస్పేసెస్ మూతపడింది, ప్రపంచమంతా టీచర్లు దానిమీద క్లాసు వికీలు కట్టుకుని ఉన్నారు. 2022 సెప్టెంబరులో క్లాసు నడిపే ఎడ్‌మోడో వెళ్ళిపోయింది. 2024లో వీడియో చర్చల ఫ్లిప్‌ను మైక్రోసాఫ్ట్ విడి యాప్‌గా ఆపేసింది. కోవిడ్ కాలంలో మనవాళ్ళు ఎంతో ఇష్టపడి వాడిన డిజిటల్ బోర్డు గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబరు 31తో ఆగిపోయింది. హార్వర్డ్, ఎంఐటీ కలిసి పెట్టిన ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎడ్‌ఎక్స్ సంగతి ఇంకో రకం. దాన్ని 2021లో టూయూ అనే కంపెనీకి 80 కోట్ల డాలర్లకు అమ్మేశారు, ఆ కంపెనీ 2024లో దివాలా పిటిషన్ వేసింది.

మూతపడనివి కూడా షరతులు మారుస్తాయి. కాలేజీలకు గూగుల్ ఒకప్పుడు ఎంతైనా దాచుకోమంది. 2021లో మాట మార్చి, 2022 జూలై నుంచి సంస్థ మొత్తానికి 100 టెరాబైట్లు అని గీత గీసింది. చిన్న డిగ్రీ కాలేజీకి అది చాలానే, వేల మంది వీడియోలు దాచుకున్న యూనివర్సిటీలకు మాత్రం హడావుడి తప్పలేదు. ఉచిత జూమ్ మీటింగు నలభై నిమిషాలకు తెగిపోతుంది, మన పీరియడేమో యాభై. గూగుల్ మీట్ గంట ఇస్తుంది. జిట్సీ అనే ఉచిత మీటింగు సైటులో కూడా 2023 నుంచి మీటింగు పెట్టేవాళ్ళు లాగిన్ కావాలి.

గూగుల్ క్లాస్‌రూమ్ వాడేవాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది, క్లాసు ఎవరి ఖాతాలో ఉందనేది. చాలా కాలేజీల్లో లెక్చరర్ సొంత జీమెయిల్‌తోనే క్లాసు తెరుస్తారు, కాలేజీ డొమైన్ అడగడం పెద్ద తతంగం కాబట్టి. పదిహేను జీబీలో ఇంట్లో పెళ్ళి ఫోటోలూ, థర్డ్ సెమ్ రికార్డులూ పక్కపక్కనే ఉంటాయి. ఆయనకు ట్రాన్స్‌ఫర్ వచ్చిందనుకోండి, గెస్ట్ ఫ్యాకల్టీ కాంట్రాక్టు అయిపోయిందనుకోండి, ఆ సబ్జెక్టు మెటీరియల్ అంతా ఆయనతోపాటే వెళ్ళిపోతుంది. కొత్తగా వచ్చినావిడ మళ్ళీ గ్రూపులో "మెటీరియల్ ఉంటే పెట్టండి ప్లీజ్" అని మొదలుపెట్టాలి. గుర్తింపు ఉన్న విద్యాసంస్థలకు గూగుల్ ఎడ్యుకేషన్ ఖాతాలు ఉచితమే. అది తీసుకుంటే షేర్డ్ డ్రైవ్ వస్తుంది, అందులో పెట్టిన ఫైలు మనిషిది కాకుండా సంస్థది అవుతుంది. క్లాసు యాజమాన్యాన్ని అదే డొమైన్‌లోని ఇంకో టీచరుకు బదిలీ చేయొచ్చు. పని ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. ప్రిన్సిపాల్ సంతకానికే ఎక్కువ రోజులు పడుతుంది.

కంపెనీల మీద ఆధారపడకూడదంటే, క్లాసు నడపడానికి మూడిల్ ఉంది. ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామస్ 2002లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా తమ సర్వర్లో పెట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు. కోర్సు మొత్తాన్ని ఒక్క బ్యాకప్ ఫైలుగా తీసి ఇంకో కాలేజీ మూడిల్లో పోసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు లేదు, సర్వర్‌కు ఉంది, దాన్ని చూసుకునే మనిషికి ఇంకా ఎక్కువ ఉంది. మన దగ్గర జరిగేదేమిటంటే, కంప్యూటర్స్ లెక్చరర్ ఒకరు ఉత్సాహంగా పెడతారు, రెండేళ్ళు బ్రహ్మాండంగా నడుస్తుంది, ఆయన పీహెచ్‌డీ సెలవు మీద వెళ్ళగానే పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. ఇద్దరు మనుషులకు బాధ్యత అప్పగించలేని కాలేజీ గూగుల్‌తో సర్దుకోవడమే మేలు. ఈ మాట ఓపెన్ సోర్స్ మిత్రులకు నచ్చదని తెలుసు.

సాహిత్యం, చరిత్ర చెప్పేవాళ్ళు హైపోథిసిస్ అనేదాన్ని చూడాలి. ఒక వెబ్ పేజీనో పీడీఎఫ్‌నో క్లాసంతా తెరిచి, ఎవరికి వారు ఒక వాక్యాన్ని ఎంచి పక్కన వ్యాఖ్య రాయొచ్చు, ఒకరి వ్యాఖ్యకు ఇంకొకరు జవాబు ఇవ్వొచ్చు. తెలుగు వికీసోర్స్‌లో కాపీరైట్ తీరిన పాత పుస్తకాలు యూనికోడ్‌లో (ఏ కంప్యూటరైనా చదవగలిగే అక్షరాల పద్ధతిలో) ఉన్నాయి. వాటి మీద ఇది బాగా పనిచేస్తుంది. వికీపీడియా, వికీసోర్స్‌లలో రాయించడాన్నే అసైన్‌మెంటుగా పెట్టడం కూడా మనకు కొత్తేమీ కాదు, విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు ఆ పని చేశారు. అక్కడ రాసినదానికి తప్పులు దిద్దేది ఊరూ పేరూ తెలియని వికీపీడియన్లు. లెక్చరర్ దిద్దితే పట్టించుకోని పిల్లలు వాళ్ళు తిప్పికొడితే మాత్రం పౌరుషానికి పోయి మళ్ళీ రాస్తారు.

మార్కుల షీటు మొత్తం గ్రూపులో పెట్టేసే అలవాటు గురించి కూడా ఓ మాట. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళను పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. ఫస్టియర్ క్లాసులో అలాంటివాళ్ళు ఉంటారు. ఎవరి మార్కులు వాళ్ళకే కనబడేలా పెట్టడం క్లాస్‌రూమ్‌లోనూ మూడిల్‌లోనూ మనం ఏమీ చేయకపోయినా దానంతటదే జరిగే పని.

ఊరంతటికీ ఒకే ప్రశ్నల బ్యాంకు

కలిసి పనిచేయడం అంటే వెంటనే అందరూ వీడియోలు తీద్దామంటారు. వీడియో దిద్దడం కష్టం, సిలబస్ మారితే పారేయాల్సిందే. నలుగురు లెక్చరర్లు కలిస్తే ముందుగా చేయదగ్గది ప్రశ్నల బ్యాంకు. ఎందుకంటే ఒక్కో ప్రశ్న విడి ముక్క, ఎవరైనా ఎప్పుడైనా ఒకటి చేర్చొచ్చు, ఒకటి దిద్దొచ్చు. దానికి పెద్ద సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. మూడిల్ అర్థం చేసుకునే గిఫ్ట్ అనే పద్ధతిలో మామూలు నోట్‌ప్యాడ్‌లో ఇలా రాస్తే చాలు:

5 కిలోల వస్తువుకు 2 మీ/సె² త్వరణం కలిగించే బలం ఎంత? {=10 న్యూటన్లు ~2.5 న్యూటన్లు#గుణించాల్సిన చోట భాగించారు ~7 న్యూటన్లు#గుణించాల్సిన చోట కూడారు ~3 న్యూటన్లు}

సమానం గుర్తు సరైన జవాబుకు, అలల గీత తప్పు జవాబులకు, హాష్ తర్వాత రాసేది ఆ తప్పు ఎంచుకున్న విద్యార్థికి కనబడే మాట. ప్రశ్న కంటే ఆ మాటలోనే ఎక్కువ బోధన ఉంటుంది. పిల్లలు ఎక్కడ పొరబడతారో పదేళ్ళు క్లాసు చెప్పినవాళ్ళకే తెలుసు కాబట్టి, సీనియర్లు చేయదగ్గ పని కూడా అదే. ప్రశ్నకు ప్రశ్నకు మధ్య ఓ ఖాళీ లైను వదిలి, ఫైలును యూటీఎఫ్-8గా సేవ్ చేయాలి, లేదంటే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. గూగుల్ ఫారమ్స్ ఈ ఫైలును నేరుగా తీసుకోదు, అక్కడికి కాపీ చేసుకోవాల్సిందే. అయినా అసలు ప్రతి ఏ కంపెనీ చేతిలోనూ లేని మామూలు టెక్స్ట్ ఫైలుగా మన దగ్గర ఉంటుంది.

మొదట్లో చెప్పిన పిచ్చి గుర్తుల ఫైలు కూడా ఇక్కడే అడ్డొస్తుంది. మన పాత నోట్సు చాలావరకు డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైప్ అయ్యాయి. అందులో కంప్యూటర్ దాచుకున్నది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు గుర్తుల స్థానంలో గీసిన తెలుగు బొమ్మ. ఆ ఫాంట్ లేని మిషన్లో అది చదవడానికి రాదు, సెర్చ్‌లో దొరకదు, ఏ యాప్‌లోకీ పోదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. మార్చాక ఒత్తులు, పొల్లులు, అంకెలు ఒకసారి కళ్ళతో చూసుకోవాలి, ఫార్ములాలు మాత్రం మళ్ళీ టైప్ చేయక తప్పదు. ఒక యూనిట్ నోట్సు మార్చడానికి ఓ సాయంత్రం పడుతుంది. ఆ పని ఒక్కరు చేసి, పైన సీసీ బై ఎస్ఏ అని రాసి పెడితే మిగతా కాలేజీలన్నీ ఆ సాయంత్రాన్ని మిగుల్చుకుంటాయి.

ఎవరు చేస్తారన్నదే అసలు ప్రశ్న. 2018 యూజీసీ నిబంధనల్లో మూక్ (అందరికీ తెరిచి ఉండే ఆన్‌లైన్ కోర్సు) తయారు చేసినందుకు, ఈ-కంటెంట్ తయారు చేసినందుకు ప్రమోషన్ లెక్కలో పాయింట్లు ఉన్నాయి. తప్పు ప్రశ్న దిద్దినందుకు, పాత నోట్సు యూనికోడ్‌కు మార్చినందుకు విడిగా గళ్ళేమీ లేవు. అందుకే ఒకే టాపిక్ మీద కొత్త కొత్త వీడియోలు వస్తూనే ఉంటాయి, పాతవాటిలోని తప్పులు అలాగే ఉంటాయి. డిపార్ట్‌మెంట్ స్థాయిలో చేయగలిగింది ఒకటుంది. కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ కోసం పెట్టే ఫైల్లో ఐసీటీ (కంప్యూటర్, నెట్) వాడకం కింద ఇప్పుడు మనం పెట్టేవి ప్రొజెక్టర్ ముందు నిలబడిన ఫోటోలు, జూమ్ స్క్రీన్‌షాట్లు. వాటి పక్కన ప్రశ్నల బ్యాంకు ఫైలు, ఎవరు ఏ తేదీన ఏది చేర్చారో, ఏది దిద్దారో చూపించే పట్టికతో సహా జతచేయండి. ఆ ఫైలు పరిశీలించేవాళ్ళకు ఫోటోల కంటే దానిమీద అడగడానికి ప్రశ్నలు ఎక్కువ దొరుకుతాయి.